క్లిక్ కంటే ముందు పడుతున్న గిటార్: నెల్లూరులో ఒక ఇంటి రికార్డింగ్ కేసు

కేసు ఇది. మనిషికి ఇరవై ఆరేళ్లు. పగలు రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు చూస్తాడు, ఆదివారం పొద్దున చర్చిలో గిటార్ వాయిస్తాడు. వేదాయపాళెంలో రైలు పట్టాలకు దగ్గరగా మేడ మీద ఒక గది. పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి తమ్ముడు అంటాను. నన్ను ఎలాగూ అన్నా అనే పిలుస్తాడు.

ఫోన్లో అడిగింది ఒకటే. "అన్నా, ఇంట్లో రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పు, అదే పట్టుకుంటా." నేను నెల్లూరులో గిటార్ నేర్పుతాను, అడిగినవాళ్ల ఇళ్లలో చిన్న చిన్న రికార్డింగ్ సెటప్‌లు పెట్టిస్తాను. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఫోన్లో జవాబు చెప్పనిదీ ఇదే. ఒక పేరు చెప్పేస్తే మనిషి దాన్ని ఎక్కించుకుని మెనూలు వెతుక్కుంటూ కూర్చుంటాడు, గిటార్ మంచం పక్కన దుమ్ము పడుతుంది. వచ్చి చూస్తానన్నాను.

గదిలో మూడు సింగిల్ కాయిల్ పికప్పులున్న (పికప్ అంటే తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది, సింగిల్ కాయిల్ అంటే ఒకే తీగచుట్ట ఉన్న రకం) ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి, చర్చికి తీసుకెళ్లే పికప్ అకౌస్టిక్ ఒకటి ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, లోపల పాత తిరిగే హార్డ్ డిస్క్. వినడానికి మొబైల్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్స్. గిటార్ కేబుల్ చివర చిన్న పిన్ను తగిలించి నేరుగా ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లో గుచ్చాడు. సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెద్ద స్టూడియో సాఫ్ట్‌వేర్ ఒకటి, క్రాక్ చేసింది. తెరుచుకునేలోపు కిందికి వెళ్లి టీ తాగి రావచ్చు.

బాధ మాత్రం సాఫ్ట్‌వేర్ గురించి కాదు, తన చేతి గురించి. "నాకు టైమింగ్ లేదన్నా. చర్చిలో ప్యాడ్స్ వాయించేవాడు కూడా అంటా ఉన్నాడు, నువ్వు ముందుకు లాగుతున్నావు అని. ఇంట్లో రికార్డ్ చేసి చూస్తే నిజమే. క్లిక్ ఒకచోట ఉంటాది, నేను ఒకచోట ఉంటా." నెలల తరబడి రోజూ రాత్రి క్లిక్, అంటే తాళం చెప్పే మెట్రోనోమ్ టిక్కు, పెట్టుకుని సాధన చేస్తున్నాడు. చేసేకొద్దీ ఎక్కువవుతోందట. ఆ మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. సాధన చేస్తే తాళం బాగుపడకపోవచ్చు గానీ, ఒకే వైపుకి చెడుతూ పోవడం మామూలు విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు

క్లిక్ నిమిషానికి 80 దగ్గర పెట్టి, ఒకే తీగ మీద ఒక్కో క్లిక్‌కి రెండు దెబ్బల చొప్పున కాసేపు వాయించమన్నాను. రికార్డయినదాన్ని పెద్దది చేసి చూస్తే ప్రతి దెబ్బా క్లిక్ చోటు చూపించే గీత కంటే ముందే ఉంది. ఒకటీ అరా కాదు, అన్నీ. పైగా ఇంచుమించు ఒకే దూరంలో. తాళం కుదరని మనిషి ఒకసారి ముందు పడతాడు, ఒకసారి వెనక పడతాడు. ఇతను మాత్రం కొలబద్ద పెట్టి కొట్టినట్టు ముందే పడుతున్నాడు.

రెండోసారి అదే క్లిక్, అదే తీగ. ఒక్కటే మార్చాను. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్, అంటే వాయిస్తున్నదాన్ని కంప్యూటర్ గుండా చెవికి వినిపించడం, ఆపేసి, ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేయమన్నాను. అంటే క్లిక్ ఒక చెవిలో, గిటార్ చెక్క మీంచి వచ్చే అసలు చప్పుడు రెండో చెవిలో. ఈసారి దెబ్బలు గీత చుట్టూ వచ్చి పడ్డాయి. కొన్ని కాస్త ముందు, కొన్ని కాస్త వెనక, మామూలు మనిషి వాయించినట్టే. తమ్ముడు తెర వైపు చూసి, "అంటే నాది తప్పు కాదా అన్నా?" అన్నాడు. కాదు. తీగ మీటిన క్షణానికీ అది చెవికి చేరిన క్షణానికీ మధ్య ఉన్న ఆలస్యానిది తప్పు.

జరిగింది ఇది. తను మీటిన దెబ్బ ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి, ప్లగ్గిన్‌లు (సౌండుని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్‌లు) దాటి, ఇయర్‌ఫోన్‌లోకి ఆలస్యంగా వస్తోంది. క్లిక్‌తో కలిసి వినబడాలంటే చెయ్యి ముందుగా కదలాలి. చెయ్యి అది నేర్చేసుకుంది. సాఫ్ట్‌వేర్ రికార్డ్ చేసేటప్పుడు తనకు తెలిసిన ఆలస్యాన్ని తీసేసి, చెయ్యి నిజంగా కదిలిన చోట దెబ్బను పెడుతుంది. అందుకే తెర మీద అన్నీ ముందున్నాయి. చర్చిలో యాంప్ నుంచి సౌండ్ వెంటనే వస్తుంది, చెయ్యి మాత్రం ఇంట్లో అలవాటైనట్టే ముందుకు దూకుతుంది. ప్యాడ్స్ అతని ఫిర్యాదు అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ మార్చినా ఆలస్యం అలాగే ఉంటే, కొత్త సాఫ్ట్‌వేర్‌లో అదే తప్పుడు అలవాటు ఇంకాస్త గట్టిపడుతుంది.

ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూపించాను. కంప్యూటర్ సౌండ్‌ని కొంచెం కొంచెంగా మూటలు కట్టి తీసుకుంటుంది. ఆ మూట సైజే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల (సౌండు కొలతల) రేటు దగ్గర బఫర్ 1024 శాంపిళ్లు ఉంటే ఒక మూట నిండడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, అంటే 46. విండోస్ పాత డ్రైవర్ల (కంప్యూటర్‌నీ సౌండు పరికరాన్నీ కలిపే సాఫ్ట్‌వేర్‌ల) దారిలో వెళ్తే అది తన వంతు ఇంకొంత కలుపుతుంది. అదే 48,000 రేటు దగ్గర బఫర్ 128 అయితే ఒక మూటకు 2.7 మిల్లీసెకన్లే. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. చర్చిలో స్పీకర్ బాక్సుకు పది అడుగుల దూరంలో నిలబడితే దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటాం, ఎవరికీ ఏమీ అనిపించదు. నా అనుభవంలో పోను రాను మొత్తం పదీ పన్నెండు దాటకపోతే చేతికి తెలియదు. ఇరవై దాటితే తీగలు జిగురుగా ఉన్నట్టుంటుంది. యాభై దాటితే మనిషి వాయించే తీరే మారిపోతుంది.

డబ్బు మొదట ఎటు పెట్టాం

ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ గిటార్ కోసం చేసింది కాదు. గిటార్ పికప్‌కి ఎదురుగా సుమారు 1 మెగాఓమ్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉండాలి. మైక్ సాకెట్‌లో ఉండేది కొన్ని కిలోఓమ్‌లే. అందువల్ల పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోయి గిటార్ దుప్పటి కింద నుంచి మోగినట్టుంటుంది. ఆ మందకొడితనాన్ని సరిచేయడానికి తమ్ముడు ఒకదాని మీద ఒకటి ఈక్వలైజర్లు పెట్టుకుంటూ పోయాడు. ట్రెబుల్ పెంచితే పెరిగింది బుస్సుమనే హిస్సు.

కాబట్టి మొదటి ఖర్చు ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్‌నీ మైక్‌నీ కంప్యూటర్‌కి కలిపే చిన్న సౌండ్ బాక్సు. కొనేటప్పుడు రెండు సంగతులు చూడమన్నాను. ఇన్‌పుట్ దగ్గర గిటార్ కోసం 'ఇన్‌స్ట్' బటన్ ఉందా, కంపెనీ తన సొంత ఏసియో డ్రైవర్ ఇస్తుందా. ఏసియో అంటే విండోస్ మామూలు దారిని తప్పించి సాఫ్ట్‌వేర్‌నీ సౌండ్ బాక్సునీ నేరుగా కలిపే పద్ధతి. స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చింది. చవక బాక్సుల్లో కొన్నిటికి సొంత డ్రైవర్ ఉండదు, ఏసియో4ఆల్ అనే ఉచిత తొడుగు వేసుకోమంటారు. అది పని చేస్తుంది, కానీ ఐ3 మీద బఫర్ తగ్గించి పెడితే చిటపటలు వస్తాయి. నేను సొంత డ్రైవర్ ఉన్నదాన్నే కొనిపిస్తాను, సెకండ్‌హ్యాండ్ అయినా సరే. తమ్ముడి చెల్లెలు పాడుతుంది, గిటార్‌తో పాటే మైక్ కూడా పెట్టాలి. అందుకని రెండు ఇన్‌పుట్లది. షాపు పని మీద చెన్నై వెళ్లినప్పుడు వాడిన బాక్సు ఒకటి, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఒక జత పట్టుకొచ్చాడు. హెడ్‌ఫోన్స్ ఎందుకంటే, ఇయర్‌ఫోన్స్‌లోంచి క్లిక్ కారి చెల్లెలి మైక్‌లో పడుతుంది. పాట మధ్య నిశ్శబ్దంలో టిక్కు టిక్కుమని వినపడితే ఇక దాన్ని తీయలేం.

బాక్సు పెట్టగానే ఇంకో సమస్య బయటపడింది. అంతకుముందు ఆ మందపు సౌండులో దాగి ఉన్న గుర్రు ఇప్పుడు శుభ్రంగా వినపడుతోంది. సింగిల్ కాయిల్ పికప్పులు గదిలో ఉన్న కరెంటు గోలనంతా పట్టుకుంటాయి. గిటార్‌ని ఒంటి మీద అటూ ఇటూ తిప్పితే ఒక కోణంలో గుర్రు తగ్గుతుంది. అలా తగ్గితే పికప్ వల్లే అని అర్థం. ఇక్కడ తగ్గింది గానీ పోలేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే గుర్రు స్వరం మారింది. ఫుల్ స్పీడులో పెడితే బాగా దిగింది. ఛార్జర్ పిన్ను ల్యాప్‌టాప్ నుంచి పీకేస్తే మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పోయింది. ఆ బోర్డుకి అసలు ఎర్త్ వైరే లాగలేదని తర్వాత ఎలక్ట్రీషియన్ చెప్పాడు, లాగించాం.

అంతలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంది. గుర్రు కాస్తా గరగరగా మారింది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, మన ఇళ్లలో ఇంకా చాలాచోట్ల అవే. ఫ్యాన్‌నీ ట్యూబ్‌లైట్‌నీ నడుపుతుంది గానీ, దాని కరెంటు అంచులు పదునుగా ఉంటాయి, ఆ గోలంతా గిటార్‌లోకి వస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనమని ఒక గిటార్ కోసం చెప్పలేం కదా. రికార్డింగ్ వేళ ఛార్జర్ పీకేసి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపాలి, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డ్ చేయకూడదు, సాధన చేసుకోవచ్చు అని నియమం పెట్టాం. ఇందులో ఒక మెలిక ఉంది. బ్యాటరీ మీదకి వెళ్లగానే విండోస్ ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది, తగ్గించగానే సౌండు తెగుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో బ్యాటరీకి కూడా గరిష్ఠ వేగం పెట్టాల్సి వచ్చింది. లేటెన్సీమాన్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి చూస్తే వైఫై డ్రైవర్ కూడా మధ్యలో అడ్డు తగులుతోందని తేలింది. రికార్డింగ్ సేపు వైఫై బంద్.

అప్పుడు సాఫ్ట్‌వేర్

ముందు క్రాక్‌ది తీసేయమన్నాను. "ఫ్రీగా ఉన్నది తీసేసి డబ్బులు పెట్టమంటావా?" అన్నాడు. నీతులు చెప్పలేదు. ఆ క్రాక్ నడవడం కోసం యాంటీవైరస్ ఆపేసి ఉంది, అదే ల్యాప్‌టాప్‌లో షాపు జీఎస్‌టీ లెక్కలున్నాయి. రెండూ పక్కపక్కన చూపించాను. ఆ పూటే తీసేశాడు.

తర్వాత నేను అడిగే ప్రశ్న ఒకటుంది. రాత్రి షాపు నుంచి వచ్చాక గిటార్ పట్టుకునేది ఎంతసేపు, ఆ సేపట్లో ఏం చేస్తావు? తమ్ముడికి దొరికేది గంట. అందులో పాటలో కష్టమైన చోటు నెమ్మదిగా వాయించుకోవడం, యాంప్ లేకుండా చప్పుడు చేయకుండా ఎలక్ట్రిక్ టోన్‌తో వాయించుకోవడం, తను వాయించినది తిరిగి వినడం. పాటను మిక్స్ చేసి బయటికి పంపే పని నెలకోసారి వస్తే గొప్ప. కాబట్టి నెలకోసారి పని కోసం కాదు, రోజూ గంట పని కోసం ఎంచుకోవాలి. కొనేవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. స్టూడియోలో ఏది వాడతారో అడిగి అదే తెచ్చుకుంటారు. స్టూడియోలో కూర్చునేవాడి రోజు వేరు.

ఆ లెక్కన చూస్తే కొన్ని వెంటనే పక్కకు పోయాయి. ఆడాసిటీ 2000 సంవత్సరం నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, గొంతు రికార్డ్ చేసి కత్తిరించుకోవడానికి ఇప్పటికీ నేనూ వాడతాను. 2022లో వచ్చిన 3.2 నుంచి ఎఫెక్టులు ప్లే అవుతుండగానే మార్చుకోవచ్చు. కానీ అవి రికార్డయిన ట్రాక్ మీద పనిచేస్తాయి. వాయిస్తున్న గిటార్‌ని అప్పటికప్పుడు యాంప్ టోన్‌లో వినడానికి అది కట్టింది కాదు. లైసెన్సు చిక్కుల వల్ల దాని మామూలు డౌన్‌లోడ్‌లో ఏసియో కూడా ఏళ్ల తరబడి లేదు. ఆడాసిటీ వాడేవాళ్లకి ఒక మాట: ప్రిఫరెన్సెస్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ (ఆలస్యం సరిదిద్దేది) అని ఒక అంకె ఉంటుంది, అది మొదట మైనస్ 130 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది. అది మీ మెషీన్ కొలత కాదు. మొదటి ట్రాక్ మీద రెండోది వాయిస్తే కలవడం లేదని తిట్టుకునే ముందు అది చూసుకోండి.

బ్యాండ్‌ల్యాబ్ ఫోన్‌లో పాట ఆలోచన పట్టుకోవడానికి, చెల్లెలి ఫోన్‌కి పంపడానికి బాగుంటుంది. ఉంచుకోమన్నాను. గ్యారేజ్‌బ్యాండ్ ఆపిల్ వాళ్లకే. ఐఫోనో ఐప్యాడో ఉన్నవాడైతే నేను ఇంత దూరం రాను, అదే తెరవమంటాను. గిటార్ నేర్పే గేముల్లాంటి యాప్‌లు యూసిషియన్, రాక్‌స్మిత్ ప్లస్ వేలు కదలని కొత్తవాళ్లకి హుషారిస్తాయి. ఇతను వాయించేది తెలుగు క్రైస్తవ కీర్తనలు, అవి వాటిలో వెతుక్కుంటూ కూర్చోవడం దండగ.

మిగిలింది రీపర్. పాటలు వినే విన్‌యాంప్ సాఫ్ట్‌వేర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ తన కాకోస్ కంపెనీ నుంచి తెచ్చాడు, 1.0 వెర్షన్ 2006లో వచ్చింది. డౌన్‌లోడ్ పదుల ఎంబీల్లోనే ఉంటుంది, పాత ఐ3 మీద కూడా చటుక్కున తెరుచుకుంటుంది. అరవై రోజులు ఏదీ దాచకుండా మొత్తం వాడుకోనిస్తారు, తర్వాత ఇంట్లో వాడుకునేవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. చూడ్డానికి రిజిస్ట్రార్ ఆఫీసు ఫారంలా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మెనూ తెరిస్తే అంతుండదు. డ్రమ్ములూ వయొలిన్లూ దానితో రావు. బీట్లు పేర్చి పాటలు కట్టే కుర్రాడు వచ్చి ఉంటే నేను రీపర్ చెప్పేవాణ్ణి కాదు. గిటార్ గుచ్చి వాయించేవాడికి మాత్రం ఇది సరిపోతుంది. మొదటి పూటే నేను ఒక ప్రాజెక్ట్ కట్టి టెంప్లేట్‌గా దాచిచ్చాను. తెరవగానే గిటార్ ట్రాక్, గొంతు ట్రాక్, పాట ట్రాక్, క్లిక్ సిద్ధంగా ఉంటాయి. మెనూల జోలికి వెళ్లొద్దన్నాను.

టోన్ కోసం న్యూరల్ యాంప్ మోడలర్ పెట్టాం. ఉచితం, స్టీవెన్ ఆట్కిన్సన్ అనే ఆయన తెచ్చిన ఓపెన్ సోర్స్ ప్లగ్గిన్. నిజమైన యాంప్‌లోకి ఒక సిగ్నల్ పంపి, అది బయటికి ఎలా వస్తుందో కంప్యూటర్‌కి నేర్పి తయారుచేసిన మోడళ్లు ఇందులో వేసుకోవచ్చు. పూర్తి సైజు మోడల్ వేస్తే బఫర్ 128 దగ్గర ఈ ల్యాప్‌టాప్ దగ్గింది. ఫెదర్ అనే తేలిక రకం వేస్తే నిలబడింది. తేడా చెవికి తెలిసిందా అంటే, చర్చి గిటార్ క్లీన్ టోన్‌లో నాకైతే తెలియలేదు. ఆ మోడళ్లు ఎక్కువగా 48,000 రేటు దగ్గర చేసినవి కాబట్టి ప్రాజెక్ట్ కూడా 48,000, 24 బిట్. రీపర్‌లో ట్రాక్ మీద ప్లగ్గిన్ ఉన్నా డిస్క్ మీదకి ఎక్కేది ఉత్త గిటారే. టోన్ రేపు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, మళ్లీ వాయించక్కర్లేదు.

చివరిగా కొలత. బాక్సు అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ వేసి, మానిటరింగ్ ఆపి, వాల్యూమ్ తగ్గించి, ఒక ట్రాక్‌లోని క్లిక్‌ని ఇంకో ట్రాక్‌లోకి రికార్డ్ చేశాం. మానిటరింగ్ ఆపకపోతే కుయ్యిమని మోగి చెవులు పోతాయి. రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి పెట్టి బాగా పెద్దవి చేస్తే రెండో క్లిక్ 96 శాంపిళ్లు వెనక ఉంది. 48,000 దగ్గర 48 శాంపిళ్లు ఒక మిల్లీసెకను. అంటే డ్రైవర్ తన ఆలస్యాన్ని 2 మిల్లీసెకన్లు తక్కువ చేసి చెబుతోంది. ఆ అంకెను రీపర్ రికార్డింగ్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ ఆఫ్‌సెట్‌గా ఇచ్చి మళ్లీ కొలిస్తే రెండూ ఒకే గీత మీద నిలబడ్డాయి. రెండు మిల్లీసెకన్లు చెవికి తెలిసేవి కావు. అయినా కొలవకుండా వదలను. కొన్ని సెటప్‌లలో ఆ తేడా ఇరవై, ముప్పై కూడా ఉంటుంది. తన టైమింగ్ మీద నమ్మకం పోయిన మనిషికి తెర అబద్ధం చెప్పడం లేదని ముందు తెలియాలి.

ఆ గంటలో ఏం చేశాడు

చేతి అలవాటు సెట్టింగ్ మార్చినంత తేలిగ్గా పోలేదు. మొదట్లో ప్లగ్గిన్ టోన్ వద్దన్నాను. బాక్సు మీద డైరెక్ట్ మానిటర్ నొక్కి, కంప్యూటర్ దాకా వెళ్లకుండా ఉత్త గిటార్ వింటూ క్లిక్‌తో వాయించాడు. ఆ వారాలు విసుక్కున్నాడు. పొడి టోన్‌తో వాయించడం ఎవరికీ ఇష్టముండదు. దెబ్బలు గీత చుట్టూ నిలకడగా పడడం మొదలయ్యాకే యాంప్ మోడల్ ఇచ్చాను.

క్లిక్ విషయంలో తనకు కావాల్సింది ఏ యాప్ మెట్రోనోమ్‌లోనూ నచ్చినట్టు దొరకలేదట. చర్చిలో పాడే పాత కీర్తనల్లో కొన్ని మిశ్ర చాపు నడక, ఏడు మాత్రలవి. నాలుగు మాత్రల క్లిక్ పెడితే ఒక చుట్టు తిరిగేసరికే గట్టి దెబ్బ ఎక్కడో పడుతుంది, చెయ్యి తికమకపడుతుంది. రీపర్‌లో కొలతను 7/8 చేసి, ఏ మాత్ర మీద గట్టి క్లిక్ పడాలో రాసిచ్చాం. ఒకటో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద. తకిట తకధిమి అని నోటితో అంటూ కూర్చున్నాడు, పక్క గదిలోంచి వాళ్లమ్మ కూడా కలిపింది. ఆవిడ ఆ కీర్తన చిన్నప్పటి నుంచి పాడుతోంది, ఆవిడకి క్లిక్ అక్కర్లేదు.

చెల్లెలు పాడేది ఐదున్నర శ్రుతి. కీబోర్డు వాళ్ల లెక్కలో జి షార్ప్. మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకుని జి షేపులు వాయిస్తాడు. సాధనకు తెచ్చుకున్న పాట ట్రాక్ ఐదులో ఉంటే, రీపర్‌లో ఆ ఒక్క ట్రాక్‌ని అర శ్రుతి పైకి లేపితే సరిపోతుంది, వేగం మారదు. మూడు నాలుగు శ్రుతులు లేపాల్సి వస్తే మాత్రం గొంతులు పిల్లల గొంతుల్లా అయిపోతాయి. అలాంటప్పుడు గైడ్ ట్రాక్ తనే వాయించుకోమన్నాను, అదీ సాధనే. ఇంకో చోట చిక్కు పడ్డాడు. చర్చిలో పాత హార్మోనియం ఒకటి ఉంది. దానితో రికార్డ్ చేసిన పాట ఫోన్‌లో తెచ్చుకుని వాయిస్తే ట్యూనర్ ప్రకారం గిటార్ సరిగ్గానే ఉంది, పాటతో మాత్రం కలవడం లేదు. కొలిస్తే దాని ఆరు శ్రుతి 440 హెర్ట్జ్ దగ్గర కాదు, 446 దగ్గర ఉంది. 23 సెంట్లు ఎక్కువ, సెంటు అంటే అర శ్రుతిలో నూరో వంతు. ట్రాక్‌ని 23 సెంట్లు దించితే కుదిరింది. అప్పటిదాకా గిటార్ నెక్ వంగిపోయిందేమోనని భయపడుతున్నాడు.

నెమ్మదించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కష్టమైన రెండు తాళం చుట్లు ఎంచి, లూప్ పెట్టి, శ్రుతి మారకుండా వేగం 0.6కి దించి, క్రమంగా పెంచుకోవడం. ఈ పని ఏ మంచి సాఫ్ట్‌వేర్ అయినా చేస్తుంది. కొత్తగా తెలిసింది ఏమిటంటే, ఆలస్యం గోల తీరాక తమ్ముడి అసలు తప్పు ఒకటి బయటికొచ్చింది. ఓపెన్ కార్డుల (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేవి) నుంచి బీ మైనర్ బార్ కార్డుకి (చూపుడు వేలు అడ్డంగా పెట్టి తీగలు నొక్కేది) వెళ్లే ప్రతిసారీ వెనకబడుతున్నాడు. మిగతా చోట్ల గీతల దగ్గరే ఉన్నాడు, ఆ ఒక్క చోట 60, 70 మిల్లీసెకన్లు లేటు. ముందున్న గజిబిజిలో ఇది కనిపించేది కాదు. సాధన గంటలో సగం ఆ ఒక్క మార్పుకే పెట్టించాను. రికార్డ్ చేసింది ఆ రాత్రి వినొద్దన్నాను, మర్నాడు బండి మీద షాపుకి వెళ్లే ముందు వినమన్నాను. రాత్రి విన్నప్పుడు చెవి ఇంకా చేతి పక్షాన మాట్లాడుతుంది.

పెట్టి తీసేసినవి కూడా ఉన్నాయి. పాటలోంచి గొంతునూ బేస్‌నూ విడదీసే అల్టిమేట్ వోకల్ రిమూవర్ ఉచితమే, కానీ ఈ ఐ3 మీద ఒక్క పాటకే రాత్రంతా నడుస్తుందేమో అన్నట్టు ఉంది. అవసరం పడ్డప్పుడు ఫోన్‌లో మోయిసెస్ వాడుకుంటున్నాడు. టాబ్ (ఏ తీగ ఏ మెట్టు నొక్కాలో చూపే రాత) రాసుకోవడానికి టక్స్‌గిటార్ వేశాను, తెరవనే లేదు. చెవితో పట్టుకునే అలవాటున్నవాడికి అది అక్కర్లేదు. తీసేశాం.

చెల్లెలి గొంతు రికార్డింగ్ మాత్రం ఇంకా కుదుటపడలేదు. మైక్ పెట్టాక ఫ్యాన్ ఆపాలి, నెల్లూరు ఎండల్లో రెండు చరణాలు పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెమటలు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే రైలు. పల్లవి ఒకసారి, ఒక్కో చరణం ఒకసారి, ముక్కలు ముక్కలుగా పాడించి మధ్యలో ఫ్యాన్ వేసుకుంటున్నారు. పరుపు ఒకటి గోడకి ఆనించి దాని వైపు తిరిగి పాడమంటే గది మోత తగ్గింది.

అరవై రోజులు దాటాక రీపర్ ఆగిపోదు, తెరిచినప్పుడల్లా కొనమని గుర్తుచేస్తుంది. క్రిస్మస్ కార్యక్రమాల్లో వచ్చిన డబ్బుతో లైసెన్సు కట్టేశాడు. ప్యాడ్స్ అతను ఫిర్యాదు మానేశాడు. మెచ్చుకోలేదు, మానేశాడు, అది చాలు. ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించాలి, అది వచ్చే నెల జీతంలో. బఫర్ 64కి దించి చూద్దామా అని అడిగితే, 128 దగ్గర చేతికి ఏ తేడా తెలియడం లేదు, కదిలించొద్దన్నా అన్నాడు. ఇప్పుడు అడుగుతున్నది వీడియోకి ఏ కెమెరా మంచిదని. రోజూ ఏం తీస్తావు అని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.